పదకొండు రోజుల రాజీనామా

ముగ్గు వేసినందుకు ఉద్యోగం పోతుందా? నా తొమ్మిదో ఏట నాకు ఎదురైన మొట్టమొదటి రాజకీయ ప్రశ్న అది.

1971 ఫిబ్రవరి నెల. పార్లమెంటు ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. మా ఊళ్ళో గోడలన్నీ బొమ్మలతో నిండిపోయాయి. అందులో ఆవూ దూడా బొమ్మ నాకు తెగ నచ్చింది. ఒకనాడు తెల్లవారుజామునే లేచి, అమ్మ కళ్ళాపి చల్లి లోపలికి వెళ్ళగానే ముగ్గుచిప్ప తీసుకుని వాకిట్లో ఆవుని, దాని పొట్ట కింద దూడని దించాను. దూడ కాస్త మేకపిల్లలా వచ్చిందనుకోండి. అయినా మురిసిపోయి, నాన్నగారు చూసి మెచ్చుకుంటారని గుమ్మంలోనే కూర్చున్నాను.

నాన్నగారు బయటకు వచ్చి చూశారు. మొహం తెల్లబోయింది. ఒక్క మాటైనా అనకుండా నూతి దగ్గరకు వెళ్ళి రెండు బకెట్ల నీళ్ళు తోడుకొచ్చి వాకిలంతా ఆయనే కడిగేశారు. మా వీధిలో మగవాడు వాకిలి కడగడం అదే మొదలు, అదే చివర.

"పిల్ల ముచ్చటపడి వేసిందండీ. ఆవంటే లక్ష్మి కదా!" అంది అమ్మ.

"ఎన్నికలయ్యేదాకా లక్ష్మి కాదు, గుర్తు" అన్నారు నాన్నగారు.

ఆయన కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో హెడ్ గుమాస్తా. ఉద్యోగం పట్ల భయం, భక్తీ సమపాళ్ళలో ఉండేవి. నేను పెద్దదాన్నయ్యాక, ఆయన వట్టి పిరికితనంతో ఆ పని చేశారని చాలాకాలం అనుకున్నాను. తర్వాత ఒకసారి ప్రభుత్వోద్యోగుల ప్రవర్తన నియమాల పుస్తకం చేతికి వచ్చింది. 1964లో కేంద్ర ప్రభుత్వం చేసిన నియమాలవి. అందులో ఐదవ నియమం చదివి ఆశ్చర్యపోయాను. ప్రభుత్వోద్యోగి ఏ రాజకీయ పార్టీలోనూ ఉండకూడదు, చందా ఇవ్వకూడదు, ప్రచారం చెయ్యకూడదు. ఓటు వెయ్యవచ్చు, కాని ఎవరికి వేస్తాడో, వేశాడో చెప్పకూడదు. తన ఒంటి మీద గాని, బండి మీద గాని, ఇంటి మీద గాని ఎన్నికల గుర్తు ప్రదర్శిస్తే, పలుకుబడి ఉపయోగించినట్టే లెక్క. అంటే నా ఆవూ దూడా అచ్చంగా నియమాల పుస్తకంలో ఉన్నాయన్నమాట! మన రాష్ట్రానికీ అదే ఏడు ఇటువంటి నియమాలే వచ్చాయి.

చిత్రమేమిటంటే, చిన్న గుమాస్తా వాకిట్లో ముగ్గు చెరుపుకుంటున్న ఆ నెలల్లోనే, ఢిల్లీలో ఒక పెద్ద ఉద్యోగి రాజీనామా కాగితం తారీఖు దగ్గర చిక్కు పడింది. ఆ చిక్కు విప్పడానికి నాలుగేళ్ళు పట్టింది. విప్పేసరికి దేశం పునాదులే కదిలాయి. ఆ కథ చాలామందికి పైపైన తెలుసు. అసలు కిటుకు ఎక్కడుందో తెలిసినవారు తక్కువ.

ముందుగా చట్టం సంగతి రెండు మాటల్లో చెబుతాను, విసుక్కోకండి. మన ఎన్నికల చట్టం 1951 నాటిది. అందులో 123వ సెక్షను అక్రమ పద్ధతుల జాబితా. లంచం ఇవ్వడం, బెదిరించడం, మతం పేరు చెప్పి ఓటడగడం లాంటివన్నీ అందులో ఉన్నాయి. ఏడవ అంశం ఏమంటుందంటే, అభ్యర్థి తన గెలుపు కోసం గెజిటెడ్ అధికారులు, జడ్జీలు, మేజిస్ట్రేట్లు, సైనికులు, పోలీసులు, ఎక్సైజు, రెవెన్యూ అధికారులు వంటివారి సాయం పొందకూడదు. ఎందుకంటారా? మన ఇంటి దగ్గరే చూడండి. పక్కింటి పిన్నిగారు వచ్చి "ఫలానా ఆయనకి ఓటెయ్యవే" అంటే, నవ్వి ఊరుకుంటాం. అదే మాట తాసీల్దారు వచ్చి అన్నాడనుకోండి. ఆయన చేతిలో మన పట్టా కాగితం ఉంది, మన మరిది లైసెన్సు ఉంది. ఆయన బెదిరించనక్కరలేదు. నవ్వుతూ అన్నా చాలు, గుండెలో రాయి పడుతుంది. అందుకే ఆ కట్టడి.

ఇక కథలోకి వద్దాం.

1970 డిసెంబరు 27న లోక్‌సభ రద్దయింది. గడువు ఇంకా ఏడాదికి పైగా ఉండగానే ప్రధాని ఇందిరాగాంధీ ఎన్నికలకు సిద్ధమయ్యారు. ఆవిడ నియోజకవర్గం ఉత్తరప్రదేశ్‌లోని రాయబరేలి. ఈసారి అక్కడినుంచి కాక గుర్గాఁవ్ నుంచి నిలబడతారని ఒక పుకారు పుట్టింది. డిసెంబరు 29న ఢిల్లీలో విలేఖరుల సమావేశంలో ఒకరు ఆ ప్రశ్నే అడిగారు. నియోజకవర్గం మార్చడం లేదని ఆవిడ పొట్టిగా జవాబిచ్చారు. ఆ పొట్టి జవాబుని గుర్తుపెట్టుకోండి. తర్వాత దానితో చాలా పని ఉంది.

ప్రధాని కార్యాలయంలో యశ్‌పాల్ కపూర్ అని ఒక ప్రత్యేకాధికారి ఉండేవారు. గెజిటెడ్ హోదా. రాయబరేలి వ్యవహారాలు బాగా తెలిసిన మనిషి. 1971 జనవరి 7న ఆయన రాయబరేలి పక్కన మున్షీగంజ్‌లో ఒక సభలో మాట్లాడారు. సరిగ్గా యాభై ఏళ్ళ కిందట, 1921 జనవరి 7న, అక్కడ రైతుల మీద కాల్పులు జరిగాయి. ఏటా ఆ రోజున అమరవీరుల్ని తలుచుకుంటారు. జనవరి 13న కపూర్ తన ఉద్యోగానికి రాజీనామా రాసి ఇచ్చారు. మర్నాడు 14నుంచే తాను ఉద్యోగిని కానని ఆయన వాదన. మన లెక్కలో సంక్రాంతి నాడన్నమాట. జనవరి 19న కలాన్ అనే చోట మరో సభలో మాట్లాడారు. రాజీనామా ఆమోదించినట్టు ప్రభుత్వ ప్రకటన మాత్రం జనవరి 25 తారీఖుతో వెలువడింది. "14 నుంచి వర్తిస్తుంది" అని అందులో రాశారు. ఫిబ్రవరి 1న ఇందిరాగాంధీ నామినేషను వేశారు. ఫిబ్రవరి 4న కపూర్ ఆవిడ ఎన్నికల ఏజెంటు అయ్యారు.

మార్చిలో ఫలితాలొచ్చాయి. ఇందిరాగాంధీకి 1,83,309 ఓట్లు, సోషలిస్టు అభ్యర్థి రాజ్ నారాయణ్‌కి 71,499. తేడా లక్షా పదకొండు వేల పైచిలుకు. ఇంత తేడాతో ఓడినవాడు ఇంటికి వెళ్ళి పడుకుంటాడు. రాజ్ నారాయణ్ పడుకోలేదు. ఏప్రిల్‌లో అలహాబాదు హైకోర్టులో పిటిషను వేశారు. నలుగురూ నవ్వారు.

ఆ పిటిషనులో ఆరోపణలకి లోటు లేదు. దుప్పట్లు, ధోవతులు పంచారన్నారు. సారా పోయించారన్నారు. ఖర్చు 35,000 రూపాయల పరిమితి దాటిందన్నారు. ఆవూ దూడా మతసంబంధమైన గుర్తు అన్నారు. (చూశారా, ఆవు లక్ష్మా, గుర్తా అన్న మా ఇంటి తగువు హైకోర్టు దాకా వెళ్ళింది!) వీటిలో ఒక్కటీ నిలబడలేదు. నిలబడినవి రెండే. రెండూ ప్రభుత్వోద్యోగుల సాయానికి సంబంధించినవే.

రాజ్ నారాయణ్ తరఫున శాంతిభూషణ్, ప్రధాని తరఫున ఎస్. సి. ఖరే వాదించారు. కేసు వింటున్నది జస్టిస్ జగ్‌మోహన్‌లాల్ సిన్హా. 1975 మార్చి 18, 19 తేదీల్లో ప్రధానే స్వయంగా కోర్టుకి వచ్చి సాక్ష్యం చెప్పారు. మన దేశంలో ప్రధాని కోర్టులో సాక్షిగా నిలబడడం అదే మొదటిసారి. సాక్షి లోపలికి వచ్చినప్పుడు లేచి నిలబడే ఆనవాయితీ కోర్టులో లేదని, ఎవరూ లేవవద్దని జడ్జిగారు ముందే హెచ్చరించారని చెబుతారు. కూర్చోవడానికి కుర్చీ మాత్రం వేయించారు. మర్యాదకి మర్యాద, న్యాయానికి న్యాయం.

అసలు పేచీ రెండు ప్రశ్నల మీద నడిచింది. ఇందిరాగాంధీ ఏనాటి నుంచి అభ్యర్థి? కపూర్ ఏనాటి దాకా ఉద్యోగి? ఈ రెండు కాలాలూ ఒకదాని మీద ఒకటి పడితే తప్పు జరిగినట్టు. పడకపోతే లేదు.

"నేను ఫిబ్రవరి 1న నిర్ణయించుకున్నాను" అని ఆవిడ పక్షం. జడ్జిగారు దానిని ఒప్పుకోలేదు. డిసెంబరు 29 నాటి ఆ పొట్టి జవాబుతోనే ఆవిడ అభ్యర్థిగా ప్రకటించుకున్నట్టయిందన్నారు. "నేను 13నే రాజీనామా ఇచ్చాను. ప్రధాని కార్యదర్శి హక్సర్‌గారు నోటిమాటగా సరేనన్నారు" అని కపూర్ పక్షం. హక్సర్‌గారు కోర్టుకి వచ్చి ఆ మాటే చెప్పారు. జడ్జిగారు దానినీ ఒప్పుకోలేదు. ప్రభుత్వోద్యోగం నోటిమాటతో రాదు, నోటిమాటతో పోదు. కాగితం మీద ఆమోదించిన జనవరి 25 వరకూ కపూర్ ఉద్యోగే. కాబట్టి జనవరి 7 ఉపన్యాసం, 19 ఉపన్యాసం రెండూ ప్రభుత్వోద్యోగి చేసిన ఎన్నికల ప్రచారం కిందికే వస్తాయి.

మనిళ్ళలో పనిమనిషి "రేపట్నుంచి రానమ్మా" అంటే ఆ క్షణంతో సరి. సర్కారు వారింట్లో అలా కుదరదు. 14కీ 25కీ మధ్య ఉన్న పదకొండు రోజులే ప్రధాని పదవి మీదికి వచ్చాయి.

రెండో తప్పు వేదికల సంగతి. రాయబరేలిలో ప్రధాని ఎన్నికల సభలకి జిల్లా మేజిస్ట్రేటు, పోలీసు సూపరింటెండెంటు, ప్రజాపనుల శాఖ ఇంజనీరు, విద్యుత్ ఇంజనీరు దగ్గరుండి వేదికలు కట్టించారు, మైకులకి కరెంటు ఇప్పించారు. ప్రధాని రక్షణ కోసం ఏర్పాట్లు తప్పవని ప్రభుత్వం వాదించింది. ఎత్తయిన వేదిక మీద నిలబడి మాట్లాడితే అభ్యర్థికి లాభమేనని జడ్జిగారన్నారు. రక్షణ సూచనలున్న పుస్తకాన్ని కోర్టుకి చూపమని ప్రభుత్వం మొరాయిస్తే, ఆ పేచీ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1975 జనవరిలో ఇచ్చిన ఆ తీర్పులో, ప్రభుత్వం బహిరంగంగా చేసే పనులు తెలుసుకునే హక్కు ప్రజలకుందని జస్టిస్ మాథ్యూ రాశారు. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టానికి విత్తనం ఈ వేదికల తగువులోనే పడింది.

1975 జూన్ 12న తీర్పు వచ్చింది. ఎన్నిక చెల్లదు, ఆరేళ్ళు పోటీకి అనర్హత, అమలుకు ఇరవై రోజుల గడువు. తర్వాత జరిగింది మీకు తెలిసిందే. జూన్ 24న సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ షరతులతో స్టే ఇచ్చారు. ప్రధానిగా సభలో కూర్చోవచ్చు, మాట్లాడవచ్చు. సభ్యురాలిగా ఓటు వెయ్యకూడదు. జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ వచ్చింది.

ఎమర్జెన్సీ గురించి బోలెడు రాశారు. నేను చెప్పదలచుకున్నది ఆ గొడవలో సద్దుచేయకుండా జరిగిన మరో పని. ఆగస్టు వచ్చేసరికి ఎన్నికల చట్టాన్నే మార్చేశారు. నామినేషను వేసిన తర్వాతే అభ్యర్థి అవుతారు అన్నారు; డిసెంబరు 29 జవాబు ఎగిరిపోయింది. గెజిటులో ఏ తారీఖు నుంచి రాజీనామా అని ఉంటే అదే ఖాయం, ఇక ప్రశ్నించడానికి లేదు అన్నారు. పదకొండు రోజులూ ఎగిరిపోయాయి. ఉద్యోగ ధర్మంగా అధికారులు చేసే ఏర్పాట్లు సాయం కిందికి రావన్నారు, వేదికలూ ఎగిరిపోయాయి. పైగా ఈ మార్పులు వెనకటి ఎన్నికలకీ వర్తిస్తాయన్నారు. పరీక్ష తప్పాక ప్రశ్నపత్రం మార్చినట్టు! అది చాలదన్నట్టు, ప్రధాని ఎన్నికను ఏ కోర్టూ తాకకూడదని 39వ రాజ్యాంగ సవరణ. 1975 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆ సవరణలోని ముఖ్యభాగాన్ని కొట్టేసింది. కాని మార్చిన ఎన్నికల చట్టాన్ని ఒప్పుకుని, ఆవిడ ఎన్నిక చెల్లుతుందని తేల్చింది.

ఇంత చిన్న తప్పుకి ప్రధానిని దింపేస్తారా అని ఆ రోజుల్లో చాలామంది అన్నారు. ట్రాఫిక్ నియమం తప్పినంత తప్పు అని కొన్ని పత్రికలు తేలిక చేశాయి. లక్ష ఓట్ల ఆధిక్యం ఎవరో అధికారి రెండు సభల్లో మాట్లాడితే వచ్చిందా? రాలేదు. ఆ మాట ఒప్పుకోవలసిందే. కాని మా నాన్నగారిని తలుచుకుంటే నాకు మరోలా తోస్తుంది. నెలకి మూడు నాలుగు వందల జీతగాడు కూతురు వేసిన ముగ్గుకి జడిసి నీళ్ళు కుమ్మరించాడు. నియమం ఆయనకి చిన్నది కాలేదు. ఢిల్లీ వారికి మాత్రం చిన్నదెలా అవుతుంది?

1977 మార్చిలో అదే రాయబరేలిలో రాజ్ నారాయణ్ 55 వేల పైచిలుకు ఓట్లతో ఇందిరాగాంధీని ఓడించారు. కోర్టులో నిలవని తీర్పు ఓటరు చేతిలో నిలిచింది. 1980లో ఆవిడ రాయబరేలితో పాటు మన మెదక్‌లోనూ నిలబడి రెండుచోట్లా గెలిచి, మెదక్‌నే ఉంచుకున్నారు. ఓడించడమూ, మళ్ళీ గెలిపించడమూ మన జనానికి రెండూ తెలుసు.

అయితే ఉద్యోగి అన్నవాడు ఎప్పటికీ రాజకీయాల్లోకి రాకూడదా? రావచ్చు. సుభాష్ చంద్రబోస్ ఐ.సి.ఎస్. ప్యాసై, 1921లో రాజీనామా ఇచ్చిన తర్వాతే ఉద్యమంలో దిగారు. మన రాజమండ్రి బిడ్డ కోకా సుబ్బారావుగారు భారత ప్రధాన న్యాయమూర్తిగా ఉండి, 1967 ఏప్రిల్ 11న పదవి వదిలి, ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి పదవికి పోటీ చేశారు. జాకిర్ హుస్సేన్‌గారి చేతిలో ఓడిపోయారు. తెలుగువారు గర్వపడ్డారు. కాని నిన్నటిదాకా ప్రభుత్వం మీద తీర్పులు చెప్పిన ఆయన నేడు ప్రతిపక్షం అభ్యర్థి అయితే, ఆ పాత తీర్పుల్ని జనం ఏ కళ్ళతో చూస్తారని పెద్దలు కొందరు నొచ్చుకున్నారు. చట్టం ప్రకారం ఆయన చేసినదాంట్లో తప్పు లేదు. నొచ్చుకున్నవారి మాటలోనూ తప్పు లేదు. తమాషా ఏమంటే, 1975లో స్టే ఇచ్చిన కృష్ణయ్యర్‌గారు జడ్జి కాకముందు 1957లో కేరళలో మంత్రి. 1987లో ఆయనా రాష్ట్రపతి పదవికి పోటీ చేసి ఓడారు. మనుషులు మంచివాళ్ళయితే గట్టు దాటినా గౌరవం నిలుస్తుంది. గట్టు మాత్రం ఉండాలి.

అన్నిటికంటె సున్నితమైనది పబ్లిక్ ప్రాసిక్యూటరు పని. ఆయన్ని నియమించేది ప్రభుత్వమే. పార్టీ మారితే చాలాచోట్ల ఆ కుర్చీలో మనిషీ మారతాడు. దావా నడపడం ఆయన చేతిలోనే, వద్దనుకుంటే ఉపసంహరించడమూ ఆయన చేతిలోనే. ఆ అధికారం ఎంత నిప్పో 1924లో బ్రిటన్‌లో తెలిసింది. క్యాంప్‌బెల్ అనే కమ్యూనిస్టు పత్రిక సంపాదకుని మీద పెట్టిన కేసును లేబర్ ప్రభుత్వపు అటార్నీ జనరల్ వెనక్కి తీసుకున్నాడు. రాజకీయ ఒత్తిడితో తీసుకున్నాడన్న అనుమానంతో పార్లమెంటు భగ్గుమని, మెక్‌డొనాల్డు ప్రభుత్వమే పడిపోయింది. మన దగ్గర కేసు ఉపసంహరణకి కోర్టు అనుమతి కావాలి. ప్రాసిక్యూటరు పైవారి ఉత్తర్వుతో కాక తన బుద్ధితో తానే నిర్ణయించాలని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. చెప్పినది మళ్ళీ ఆ కృష్ణయ్యర్‌గారే. ఎం.పి.లు, ఎమ్మెల్యేల మీది కేసుల్ని హైకోర్టు అనుమతి లేనిదే ఉపసంహరించవద్దని 2021 ఆగస్టులో మరో కట్టడి వచ్చింది.

ఇన్ని కట్టడులున్నా ఒక కంత మాత్రం పూడలేదు. పెద్ద అధికారి పదవిలోంచి దిగి ప్రైవేటు కంపెనీలో చేరాలంటే కొంతకాలం ఆగాలి, లేదా అనుమతి తెచ్చుకోవాలి. ఎన్నికల్లో నిలబడడానికి ఆ అడ్డు లేదు. అలాంటి విరామం పెట్టమని ఎన్నికల సంఘం అడిగితే ప్రభుత్వం ఒప్పుకోలేదు. 2022లో ఒకరు సుప్రీంకోర్టుకి వెళితే, అది చట్టసభలు తేల్చుకోవలసిన సంగతి అన్నారు. పదకొండు రోజుల మీద అంత రభస జరిగిన దేశంలో, ఈ సంగతి ఇంకా ఎవరూ తేల్చలేదు.

చివరగా మా అమ్మ సంగతి చెప్పి ముగిస్తాను. ఒకసారి ఎన్నికల్లో మా ఊరికి ఒక మహిళా అభ్యర్థి వచ్చి ఆడవాళ్ళ సభ పెట్టింది. వీధిలో అందరూ వెళ్ళారు. అమ్మ జరీ అంచు చీర కట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. "నా ఉద్యోగం సంగతి చూసుకో" అన్నారు నాన్నగారు. అమ్మ లోపలికి వెళ్ళి చీర మడతపెట్టింది.

నియమాల పుస్తకం దొరికిన రోజున ఐదవ నియమం మళ్ళీ మళ్ళీ చదివాను. ప్రభుత్వాన్ని కూలదోసే కుట్రలాంటి వాటినుంచి ఇంట్లోవాళ్ళని వారించాలని ఉంది. వారించలేకపోతే పైవారికి తెలపాలని ఉంది. భార్య ఎన్నికల సభకి వెళ్ళకూడదని, ఉపన్యాసం వినకూడదని ఎక్కడా లేదు. ఆ కట్టడి భర్తకే. భయం కొద్దీ మగవాళ్ళు ఇంటి మొత్తానికీ గోడ కట్టేశారు, అంతే.

అప్పటికి నాన్నగారు పోయి నాలుగేళ్ళయింది. అమ్మకి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు.

"ఆ పుస్తకం అప్పుడే ఎవరైనా నాకు చదివి పెడితే బాగుండేది" అంది చివరికి. కాసేపాగి, "ఆయన ఎవరికి ఓటేసేవారో ఒక్కసారైనా నాకు చెప్పలేదే. అడిగితే నవ్వేవారు. నేనూ ఆయనకి చెప్పలేదులే" అంది.